గేటు దగ్గర నలుగురం

జూబ్లీహిల్స్‌లో ఒక పబ్బు గేటు దగ్గర మా నలుగురు పంతుళ్ళనూ ఆపేశారు. నల్ల చొక్కా వేసుకున్న దిట్టమైన మనిషి ముందు మా మొహాలు చూశాడు, తర్వాత కాళ్ళు చూశాడు. ముగ్గురి కాళ్ళకు చెప్పులు. నేనొక్కణ్ణే బూట్లేసుకున్నా. "చెప్పులతో రానియ్యం. అయినా స్టాగ్ నాట్ అలౌడ్ సార్" అన్నాడు. "స్టాగంటే మగజింక గదయ్యా" అన్నాడు మా ఇంగ్లీషు మాస్టారు. వెంట ఆడవాళ్ళు లేని మగాళ్ళను లోపలికి పోనియ్యరట. మేం బతిమాలుతుండగానే ఒక అబ్బాయీ అమ్మాయీ కారు దిగి మా మధ్యనించే లోపలికి పోయారు.

మా వాళ్ళకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. అందరూ పొలాలూ పుట్రలూ ఉన్నవాళ్ళు. ఒకాయన తాత సర్పంచి చేసినాయన. లెక్కల మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. "మనమేం మనుషులం కాదా? డబ్బులియ్యమా? ఇంత అవమానం నా జన్మలో ఎరగను" అని అరిచాడు. ఎరగడు, నిజమే. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నా. ఆ నవ్వు గురించి ఇప్పటికీ నాకు కాస్త సిగ్గుగానే ఉంది, కానీ వచ్చింది.

మా నాయన చెప్పులు కుట్టేవాడు. ఊళ్ళో పెద్ద రైతులందరి కాళ్ళకూ మా నాయన కుట్టిన చెప్పులే. ఆయన మాత్రం మాదిగపాళెం దాటి ఊరి వీధిలోకి అడుగు పెట్టేముందు తన చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేవాడు. చిన్నప్పుడు ఆయన వెనకాల నడుస్తూ నేను చూసేది ఆ చేతినే. అందుకే మొదటి జీతంతో నేను కొన్నది బూట్లు. ఆ సాయంత్రం గేటు దగ్గర ఆ మనిషి నా కాళ్ళు చూసి ఏమీ అనలేదు.

"వదిలేయండి మాస్టారూ, అతని డ్యూటీ అది" అన్నాను. ఆ మాట అన్నాక గానీ తెలియలేదు, మా పాళెం పెద్దలు మాకెప్పుడూ చెప్పే మాట అదేనని. వదిలేయరా అబ్బయా, వదిలేయ్.

అసలు మేం హైదరాబాదు వచ్చింది మా హెడ్మాస్టరుగారి అమ్మాయి పెళ్ళికి. రాత్రంతా సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో వస్తూ మా వాళ్ళు వేసుకున్న ప్లాను ఒక్కటే: పబ్బు చూడాలి, అక్కడే కాచి పోసే బీరు తాగాలి. 2019 నుంచి 2024 దాకా మన ఆంధ్రలో ప్రభుత్వ దుకాణాల్లో పేరెన్నడూ వినని సీసాలు తాగి నాలుక చచ్చిపోయిందని సైన్సు మాస్టారి బాధ.

చివరకి సికింద్రాబాద్ స్టేషనుకి దగ్గర్లో ఒక పాత బారులో కూర్చున్నాం. రెగ్జిన్ సీట్లు చిరిగిపోయి ఉన్నాయి. చెప్పులెవరూ అడగలేదు. బీరు సీసాలు, ఉడకబెట్టిన పల్లీల్లో ఉల్లిపాయ ముక్కలు, ఒక ప్లేటు చికెన్ పకోడీ. ఒక్కటే ప్లేటు. నాలుగు చేతులు. లెక్కల మాస్టారు నేను సగం కొరికి పెట్టిన ముక్క తనదనుకుని తీసి నోట్లో వేసుకున్నాడు. నేను చూశాను, చెప్పలేదు. ఆరేళ్ళుగా ఒకే స్టాఫ్‌రూములో పనిచేస్తున్నాం. మా ఇంట్లో ఆయన మంచినీళ్ళు కూడా తాగి ఎరగడు. రెండో సీసాకి నా భుజం మీద చెయ్యి వేసి "తమ్ముడూ" అన్నాడు. నిజం చెప్తున్నా, నాకు బీరు చేదుగానే ఉంది. ఆ పిలుపు కోసం, ఆ ఒక్క ప్లేటు కోసం కూర్చున్నాను.

మా అమ్మ గుర్తొచ్చింది. 1992లో నెల్లూరు జిల్లాలో సారా ఉద్యమం లేచినప్పుడు నేను చంకబిడ్డను. దూబగుంట రోశమ్మ పేరు పాళేలన్నిట్లో మోగిన రోజులు. మా అమ్మ రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్నది అప్పుడే. నన్ను చంకనేసుకుని సారా కొట్టు ముందు కూర్చుంది. నాయన కూలి సగం సారా ప్యాకెట్ల కిందే తెగిపోయేది, కొట్టు నడిపేదీ కూలికి పిలిచేదీ ఒకే ఇంటివాళ్ళు. 1993 అక్టోబరులో సారా పోయింది. 1995లో మొత్తం మద్యం పోయింది, 1997లో మళ్ళీ వచ్చింది. నాయన దేన్నీ మానలేదు, ముందుగా పోయాడు. అమ్మ నేర్చుకున్న అక్షరాలే నాకు మొదట చెప్పింది. ఆ అక్షరాల మీద వచ్చిన జీతంతో నేను బారులో కూర్చున్నానని ఆమెకి ఏ మొహంతో చెప్పేది? ఇంటికి పోయినాక చొక్కా వాసన చూసి "తాగినావా?" అంది. "పెళ్ళిలోమ్మా" అన్నాను. మళ్ళీ అడగలేదు. చొక్కా మాత్రం వేరే బకెట్లో నానేసింది.

మంగళవారం స్టాఫ్‌రూములో లెక్కల మాస్టారు గేటు కథ మూడుసార్లు చెప్పాడు. "కాళ్ళు చూసి లోపలికి రానియ్యడంట, ఏం దేశమండీ ఇది" అన్నాడు. అందరూ అయ్యో అన్నారు. నేనూ అన్నాను. మధ్యాహ్నం బెల్లు కొట్టాక ఆయన తన క్యారియరు తీసుకుని ఎప్పటిలాగే కిటికీ పక్క బల్ల దగ్గరికి పోయాడు. ఆ రోజు అమ్మ చేపల పులుసు పెట్టింది. డబ్బా మూత తీసి ఆయన ముందుకి జరిపాను.

"కడుపులో బాగాలేదు మాస్టారూ" అన్నాడు. తన క్యారియరు విప్పుకున్నాడు.