పొరుగువారి పండుగ

ఉదయం పత్రిక విప్పగానే ఏదో ఒక మతకలహపు వార్త మా మనస్సును కలచివేస్తుంది. ప్రశాంతంగా గడచిన వేల వీధులకు అందులో చోటుండదు.

1978లో ‘కరుణామయుడు’ చిత్రంలో క్రీస్తు పాత్ర ధరించిన విజయచందరే 1986లో షిర్డీ సాయిబాబాగానూ వెండితెరపై కనిపించారు. ఉభయ చిత్రాలనూ తెలుగువారు భక్తితో ఆదరించారు. నటునిది ఏ మతమని విచారించి టిక్కెట్టు కొన్నవారిని మేమెరుగము.

మెదక్ చర్చి విషయమూ అంతే. కరువు రోజులలో ఆకలిగొన్నవారికి పని, అన్నం కల్పిస్తూ పాస్నెట్ దొర కట్టించిన ఆ మందిరం 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. నేటికీ క్రిస్మస్‌నాడు అన్ని మతాలవారూ ఆ మెట్లెక్కుతారు.

విద్యార్థులారా! పత్రిక తప్పక చదవండి. పొరుగువారిని మాత్రం వారి గడప తొక్కి తెలుసుకోండి.