పాచికల కొండ నుండి ప్రమాణాల కోనేటికి

తిరుపతికి పోవువారందరును స్వామిదర్శనమునకై పోవుదురు. మేమును అందులకే పోయితిమి. కాని ఈ పర్యాయము మ్రొక్కుబడితోపాటు ఇంటి చిక్కొకటి మా వెంట బయలుదేరెను. మా వదినగారి కుమారుడు ఇరువది మూడేండ్లవాడు, చదువుకొన్నవాడు. చేతిలోని ఫోనులో పందెపు పేకాటకు మరగి, తల్లి చేతి గాజులు నాలుగు తాకట్టుకు పోవువరకు ఆగలేదు. "పిల్లవానిని కాణిపాకము తీసికొనిపోయి వినాయకుని యెదుట ప్రమాణము చేయింతము. దారిలో కొండకును పోయి వత్తము" అని మా మేనత్తగారు నిశ్చయించిరి. జ్యేష్ఠమాసమున అందరము కలిసి ప్రయాణమైతిమి.

అలిపిరి నుండి కాలినడకను కొండ యెక్కితిమి. మెట్లు సుమారు 3,550 అందురు. మోకాళ్ళపర్వతము కడ మేనత్తగారు కూలబడగా, పిల్లవాడు ఆమె చేయి పట్టుకొని ఒక్కొక్క మెట్టే యెక్కించెను. వానియందు దుర్గుణము లేదు. అందుచేతనే మా వదినగారికి దుఃఖము ఎక్కువ.

దర్శనమైన పిదప, ఆలయమునకు చేరువనే కాస్త ఎత్తున నున్న హాథీరాంజీ మఠమును చూచితిమి. ఈ మఠపు మహంతులే 1843 నుండి 1933 వరకు తిరుమల దేవస్థానమును నిర్వహించిరి. మఠమునకు పేరిచ్చిన బావాజీ కథ మన ఇండ్లలో అందరికిని తెలిసినదే. ఉత్తరదేశము నుండి వచ్చిన ఆ భక్తునితో స్వామి రాత్రివేళల వచ్చి పాచికలాడెడివాడట. ఒకనాడు స్వామి కంఠహారము బావాజీ యొద్ద కనబడగా, దొంగతనము మోపి ఆయనను ఒక గదిలో పెట్టి, బండెడు చెరకు లోపల వేయించి, తెల్లవారులోగా తినిన గాని విడువమనిరట. స్వామి ఏనుగు రూపమున వచ్చి చెరకంతయు తినిపోయెనట. అది మొదలు ఆయన హాథీరాముడైనాడు. స్వామియు బావాజీయు ఎదురెదురుగా కూర్చుండి నడుమ పాచికలు పెట్టుకొన్న పటములు నేటికిని కనబడును.

మేనత్తగారు అట్టి పటము నొకదానిని చాలసేపు చూచి, "ఈ ఆటలో ఇద్దరే ఉన్నారు గదా!" అనిరి. ఆ మాటలోని భావము మాకు అప్పుడు తెలియలేదు. ఆ రాత్రి తెలిసినది.

మా పిల్లవాని సంచిలో చిన్న పెట్టె యొకటి ఉండెను. అమెరికాలోని లాస్ వేగాస్ నగరమును చూచి వచ్చిన మా బంధువొకరు వేడుకకై తెచ్చిన నల్లని బిళ్ళలవి. వానితో కూడ నియమముల కాగితమును ఉండెను. చీనావారు ఈ ఆటను పై గౌ అందురు. 'పలకలు తొమ్మిది' అని ఆ పేరునకు అర్థము. పాతకాలపు ఆటయే గాని, నేడు కాసినోలను జూదశాలలలో అచ్చువేసిన నియమముల ప్రకారము ఆడింతురు. బసలో దీపము క్రింద మేనత్తగారు ఆ బిళ్ళలను వరుసగా పేర్చి చూచి, "ఓరి, ఇవి పాచికలే గదా!" అనిరి. నిజమే. రెండు పాచికలు కలిపి వేసినచో పడదగిన పందెములు 21. ఆ 21 పందెములనే చీనావారు బిళ్ళలపై చుక్కలుగా చెక్కిరి. వానిలో పదునొకండు రెండేసి చొప్పునను, పది ఒక్కొక్కటి చొప్పునను చేసిరి గనుక మొత్తము 32 బిళ్ళలు. ఒకటవ చుక్కయు, నాలుగు చుక్కలును ఎరుపు; తక్కినవి, పండ్రెండు చుక్కల బిళ్ళలో సగము తప్ప, తెలుపు.

పిల్లవాడు కాగితము చూచుచు ఆట చెప్పెను. ఒక్కొక్కరికి నాలుగు బిళ్ళలు వచ్చును. వానిని రెండు జతలుగా విడదీయవలెను: ఒకటి చిన్న జత, ఒకటి పెద్ద జత. చుక్కలు కూడి, పదుల స్థానము విడిచి, ఒకట్ల స్థానమునే లెక్కింతురు. పదునొకండును ఎనిమిదియు కలిసిన పందొమ్మిది, అనగా తొమ్మిది. అది మంచి లెక్క. పదియు పదియు కలిసిన ఇరువది, అనగా సున్న. కొన్ని ప్రత్యేకపు జతలు ఈ లెక్కలన్నిటిని మించును. మూడు చుక్కల బిళ్ళయు, రెండు నాలుగు కలిసిన ఆరు చుక్కల బిళ్ళయు విడివిడిగా అన్నిటికంటె తక్కువవి. ఆ రెండును జతపడినచో మాత్రము వానిని మించినది లేదు. ఇది విని మేనత్తగారు, "మన యిండ్లలో తోడికోడండ్రవలె నున్నదే!" అని నవ్విరి.

ఎదుట ఆటను నడపు బ్యాంకరునకును రెండు జతలుండును. మన రెండు జతలును అతని రెండు జతలను మించిన మనకు గెలుపు. రెండును తగ్గిన మన సొమ్ము పోవును. ఒకటి గెలిచి ఒకటి ఓడిన ఎవరి సొమ్ము వారిదే. ఇంతవరకు విని, ఇది న్యాయమైన ఆటవలెనే యున్నదే యని మేమును అనుకొంటిమి.

మేనత్తగారు బిళ్ళలు పెట్టెలో సర్దుచు, "సరేరా అబ్బీ, మనదీ వానిదీ సమానముగా వస్తే?" అని అడిగిరి.

పిల్లవాడు కాగితము త్రిప్పి త్రిప్పి చూచెను. వెంటనే బదులు చెప్పలేదు.

మరునాడు కొండ దిగి, తిరుపతికి కొంత దూరమున నున్న బంధువుల గ్రామమునకు పోయితిమి. అచట ధర్మరాజుల గుడి యెదుట భారతము జరుగుచుండెను. చిత్తూరు సీమ సోదరీమణులకు ఇది చెప్పనక్కరలేదు గాని, ఇతర ప్రాంతములవారి కొరకు వ్రాయుచున్నాము. 2022లో తిరుపతి ప్రత్యేక జిల్లా యైనను, ఈ ఆచారము రెండు జిల్లాలకును ఉమ్మడి సొత్తే. ద్రౌపదీసమేత ధర్మరాజస్వామికి పలు గ్రామములలో 18 దినములు మహాభారత యజ్ఞము చేయుదురు. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. ఒకనాడు అర్జునవేషధారి ఎత్తైన తపసుమ్రానును ఎక్కును. బిడ్డలు లేని స్త్రీలు దాని చుట్టును తడిబట్టలతో సాగిలపడుదురు. కడపట మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుని బొమ్మ యొద్ద ఆ దుష్టుని వధ జరుగును, పిమ్మట అగ్నిగుండము.

మేము పోయిన రాత్రి జూదపు ఘట్టము. స్త్రీలందరును పిల్లలను ఒడిలో పెట్టుకొని నేలపై కూర్చుండిరి. పందెము దుర్యోధనునిది; పాచికలు వేయు చేయి శకునిది. ఒకరికి బదులుగా మరియొకరు ఆడుట సరికాదని ధర్మరాజునకు తోచకపోలేదు. తోచియును కూర్చుండెను. అదియే మొదటి ఓటమి. రాజ్యము పోయెను, తమ్ములు పోయిరి, తానును పోయెను. చివరకు ద్రౌపదిని ఒడ్డెను.

ఆ సభలో భీష్మద్రోణాదులు అందరును ఎవరు గెలిచిరో చూచుచుండిరి. ఆట నియమమును గూర్చి అడిగినది ఒక్క ద్రౌపదియే. ధర్మరాజు ముందుగా తన్ను ఓడినాడా, లేక నన్ను ఓడినాడా? తన్ను తాను ఓడిపోయినవానికి నన్ను ఒడ్డు అధికారమెక్కడిది? ఈ ప్రశ్నకు పెద్దలెవ్వరును సూటిగా బదులు చెప్పలేకపోయిరి. వేషధారి ఆ మాట అనునప్పుడు మా వదినగారు బోసిచేతులు కొంగులో దాచుకొనిరి. పిల్లవాడు అది చూచెను.

నాటకము ముగియుసరికి తెల్లవారవచ్చెను. పిల్లవాడు అరుగుపై కూర్చుండి, సంచిలోని కాగితము మరల తీసి, తానుగా చదివి వినిపించెను: "జేజీ, జత సమానమైతే అది బ్యాంకరుకే చెల్లుతుందట. రెండు వైపులా సున్న వచ్చినా అంతే. మనము గెలిచినప్పుడు నూటికి అయిదు వారు పట్టుకొంటారట." అనగా గెలిచిన నూరు రూపాయలకు చేతికి వచ్చునవి 95, ఓడినచో పోవునవి 100. ఆడువారికి వంతుచొప్పున బ్యాంకరు కాగల అవకాశము కొన్నిచోట్ల ఉన్నను, గెలుపులో రుసుము మాత్రము జూదశాలకు ఇచ్చుకొనవలసినదే. పైగా, శాలవారి బిళ్ళలను ఏ విధముగా జతపరుపవలెనో అదియు ముందే వ్రాసి యుండును. బల్లవద్ద నున్న ఉద్యోగి ఆశపడి తప్పు చేయుటకు వీలులేదు. ఆశపడుట ఎదుటివాని వంతు.

మేనత్తగారు అరుగుపై సుద్దతో పులిజూదపు గళ్ళు గీసి చూపిరి. మూడు పులులు, పదునైదు మేకలు. పులి మేకపై నుండి దాటి దానిని చంపును. మేకలు గుమిగూడి పులి కదలకుండ కట్టివేయును. "దీనికి పేరు జూదమేరా, కాని ఇందులో ఎవరి గాజులూ పోవు. పులికి బలము ఎక్కువని మేక పట్టినవాడికి ముందే తెలుసు. ఈసారి మేకలు నావైతే, వచ్చేసారి నీవి. నీ ఫోనులో ఎప్పుడైనా పులి నీకు వచ్చిందా?" అనిరి. పిల్లవాడు మాటాడలేదు.

మన చట్టమును ఈ సంగతినే పట్టి చూచినది. ఆంధ్రప్రదేశమునకు సంబంధించిన రమ్మీ వ్యాజ్యము నొకదానిని 1967లో తీర్చుచు, సుప్రీంకోర్టు రమ్మీలో నేర్పునకే ప్రాధాన్యమనినది. అయినను, ఆట వలన ఆ స్థలపు యజమాని లాభము తీయుచున్నచో నేరము కావచ్చునని కూడ చెప్పినది. ఆ పిదప 1974లో జూదనిషేధ చట్టము వచ్చినది. 2020లో దానిని సవరించి ఫోనులలోని పందెపు ఆటలను కూడ చేర్చిరి. 2025లో దేశమంతటికిని పందెపు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు పార్లమెంటు చట్టము చేసినది. చట్టములు మంచివే. కాని గాజులు తాకట్టునకు పోవునాడు చట్టము మన వంటింటిలో ఉండదు.

కాణిపాకము చిత్తూరునకు సుమారు 11 కిలోమీటర్లు, బాహుదానది యొడ్డున నున్నది. గ్రుడ్డి, మూగ, చెవిటి యైన ముగ్గురన్నదమ్ములు బావి త్రవ్వుచుండగా పార రాతికి తగిలి రక్తము వచ్చెననియు, అప్పుడే వారి అవిటితనములు తొలగెననియు స్థలపురాణము. స్వామి నేటికిని బావిలోనే వెలసియున్నాడు. విగ్రహము పెరుగుచున్నదని భక్తుల నమ్మకము. ఇచ్చట చేసిన ప్రమాణము తప్పరాదని ఈ సీమలో గట్టి విశ్వాసము. వ్యాజ్యెములలో నున్నవారును, త్రాగుడు మొదలగు వ్యసనములు మానదలచినవారును వచ్చి, కోనేట మునిగి, స్వామి యెదుట మాట యిచ్చెదరు.

పిల్లవాడు తడిబట్టలతో నిలువబడగా, ఏమని ప్రమాణము చేయవలెనో చెప్పబోయిన తల్లిని మేనత్తగారు వారించి, "వాడే అననీ" అనిరి. వాడు కొంతసేపు తలవంచి, పందెమాడనని చెప్పి, "ఎంత పోయిందో ఇంట్లో దాచను" అని కూడ చేర్చెను. ఆ రెండవ మాటకే వదినగారు కండ్లు తుడుచుకొనిరి. బయటికి వచ్చిన పిదప వాడు కాగితముపై లెక్క వ్రాసి యిచ్చెను. మేమనుకొన్నదానికంటె ఎక్కువయే యుండెను.

సోదరీమణులారా! పిల్లలు ఆడరాదని మేమనము. ఆట లేని ఇల్లు ఇల్లు కాదు. కాని సొమ్ము పెట్టి ఆడు ఆట ఏదైనను మీ గడప త్రొక్కినచో, ఎంత వచ్చినదని అడుగుటకు ముందే, సమానమైనప్పుడు ఎవరికి చెల్లునో, నూటికెంత ఎవరు పట్టుకొందురో అడుగుడు. నియమముల కాగితము తెప్పించి మీరే చదువుడు. అది ఆడువారి పని కాదనువారికి ద్రౌపదిని చూపుడు.

మేము ఇల్లు చేరి నెల దాటినది. తాకట్టు చీటి వదినగారి పెట్టెలోనే యున్నది. పిల్లవాడు జీతములో నుండి మొదటి కంతు కట్టినాడు. నల్లబిళ్ళల పెట్టెను మేనత్తగారు తీసికొని, చిన్నపిల్లలకు కూడికలు నేర్పుచున్నారు.