హీటర్ రాకపోతే గ్యాసుని తిట్టకండి

మోటర్‌హోమ్‌లో ఫర్నేస్ వెలక్కపోతే మనవాళ్ళు ముందు ప్రొపేన్ సిలిండర్ దగ్గరికే పరిగెడతారు. పాపం, ప్రొపేన్ మరిగేదే మైనస్ 42 డిగ్రీల దగ్గర. మామూలు చలి దాన్నేం చేస్తుంది?

2024 డిసెంబర్లో కొలరాడోలో, రాత్రి రెండింటికి, మా బండిలో ఫ్యాన్ తిరుగుతోంది గానీ మంట లేదు. వెనక పాప నిద్రపోతోంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు, ఫర్నేస్ దగ్గర 10.2! మధ్యలో గ్రౌండ్ వైరు తుప్పు పట్టింది. వోల్టేజి తగ్గితే ఫ్యాన్ నెమ్మదిస్తుంది, గాలి చాలక సెయిల్ స్విచ్ ఆన్ అవదు, అది ఆన్ అవకపోతే ఇగ్నైటర్ పనిచెయ్యదు. అచ్చం మన 'ఇఫ్' కండిషనే. తుప్పు గీకి బిగించాక మంట అందుకుంది.

ఆ స్విచ్చిని బైపాస్ చేసెయ్యమనే మహానుభావులున్నారు. వినకండి బాబూ! గాలి ఆడకుండా మండితే లోపలి హీట్ ఎక్స్ఛేంజర్ వేడెక్కి పగలొచ్చు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన కూడా ఉండదు.