టోపీకి వేలాడిన ధర చీటీ

కొత్త చీరకు ధర చీటీ తీయకుండా గడప దాటితే అమ్మ సందు మలుపు దాకా వెంటపడి మరీ తుంచేసేది. నలుగురిలో నవ్వులపాలవుతామని భయం. ఆ నవ్వులపాటునే యాభై ఏళ్ళు బతుకుతెరువు చేసుకున్న మహాతల్లి ఒకావిడ అమెరికాలో ఉండేది. పేరు మిన్నీ పెర్ల్.

గడ్డి టోపీ, దాని మీద ఉత్తుత్తి పూలు, అంచునుంచి ఊగుతూ ఓ చీటీ: 1.98 డాలర్లు. వేదిక ఎక్కుతూనే "హౌడీ!" అని సాగదీసి ఒక్క కేక. జనం అంతకు రెట్టింపు అరిచేవారు. టోపీకి పూలు కొని, ఓసారి చీటీ తీయడం మరిచిపోయిందట. నవ్వారు. ఇక తీయలేదు.

మనిషి మాత్రం ఏమీ తెలియని పల్లెటూరిది కాదు. అసలు పేరు సారా ఒఫీలియా కాలీ. 1912లో టెనెసీలోని సెంటర్‌విల్‌లో, కలిగినవారింట ఐదుగురు ఆడపిల్లల్లో ఆఖరిదిగా పుట్టింది. కాలేజీలో నాటకం చదువుకుంది. ఊరూరా తిరిగి అక్కడివాళ్ళ చేత నాటకాలు వేయించడం తొలి ఉద్యోగం. అలా 1936లో అలబామా కొండల్లో ఒక ముసలమ్మ ఇంట కొన్నాళ్ళు ఉంది. ఆవిడ మాటతీరు, కబుర్లు ఈ పిల్ల చెవిలో ఉండిపోయాయి. మిన్నీ అనే పాత్రకు ప్రాణం పోసింది ఆ గొంతే.

1940లో గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే శనివారపు రేడియో కచేరీలో అవకాశమైతే వచ్చింది. కచేరీ పెద్దలకే గుబులు. చదువుకున్న పిల్ల పల్లెవాళ్ళను వెక్కిరిస్తోందని వినేవాళ్ళు తిట్టిపోస్తే? అందుకే రాత్రి పదకొండు దాటాక వదిలారు. వారం తిరక్కుండా ఆమె పేరిట ఉత్తరాలు కుప్పలుగా పడ్డాయి. వెక్కిరింతకూ వేళాకోళానికీ తేడా పల్లెవాళ్ళకు ఒకరు చెప్పాలా? మన బుర్రకథలో కథకుడు గంభీరంగా యుద్ధం చెబుతుంటే, పక్కన హాస్యగాడు తింగరి ప్రశ్న వేస్తాడు చూడండి, అది మనం అడగాలనుకున్నదే. మిన్నీ కూడా తన ముఖం మీద, మొగుడు దొరక్కపోవడం మీద, తనవాళ్ళ మీదే జోకులేసింది. నిజానికి మొగుడు విమానం నడిపేవాడు, ఆమెను కచేరీలకు ఎగరేసుకెళ్ళేవాడు. నాష్‌విల్‌లో వాళ్ళ ఇల్లు గవర్నరు నివాసానికి పక్కనే.

1975లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఆ తర్వాత పదేళ్ళకు రొమ్ము క్యాన్సరు వస్తే తట్టుకుంది. నాష్‌విల్‌లో క్యాన్సరు వైద్యకేంద్రానికి ఆమె పేరే పెట్టారు. మిన్నీ కాదు, మొగుడి ఇంటిపేరుతో సారా క్యానన్. 1996లో పోయింది.

మిన్నీ సొంతూరుగా చెప్పిన గ్రైండర్స్ స్విచ్ నిజంగానే ఉంది, కానీ ఊరు కాదు. సెంటర్‌విల్ దగ్గర రైలు పట్టాలు మారే ఓ చోటు, అంతే. అభిమానులు కార్లేసుకుని ఆ ఊరికోసం వెతుక్కుంటూ వచ్చేవారు. ఆ తాకిడి పడలేక రోడ్ల శాఖవాళ్ళు చివరికి బోర్డు మీద దారి పేరే మార్చేశారు.