గంట ఎక్కడ మ్రోగాలి?

ధర్మవరం నుండి హిందూపురం పోయే రైలుబండి నడుమ పెనుకొండలో ఆగుతుంది. 2000 దశకం తొలి ఏండ్లలో ఆ బండిలో వారానికి రెండు మూడు మార్లు ప్రయాణించే టెలిఫోను మెకానిక్కు ఒకడుండేవాడు. భుజాన గుడ్డసంచి, అందులో స్క్రూడ్రైవరు, కొంత తీగ, లైను పరీక్షించే చేతిఫోను, అట్ట చిరిగిన నోటుపుస్తకం. ఆ మూడు ఊళ్లూ అప్పటికి అనంతపురం జిల్లాలోనివి. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. హిందూపురంలో బెల్లం, చింతపండు మండీలు, ధర్మవరంలో పట్టుచీరల అంగళ్లు, పెనుకొండలో వకీళ్ల గదులు అతని పనిచోట్లు.

అతడు బాగుచేసే యంత్రం పేరు ఇ.పి.ఏ.బి.ఎక్స్. జనం నోట అది 'ఇంటర్‌కం పెట్టె'. బయటి నుండి రెండు మూడు లైన్లు వచ్చి అందులో చేరతాయి. లోపలి నుండి ఎనిమిదో పదో ఫోన్లకు తీగలు పోతాయి. బయటి నుండి పిలుపు వచ్చినప్పుడు ఏ ఫోను మ్రోగాలి? పగలు ఒకచోట, రాత్రి మరొకచోట మ్రోగాలా? ఎవరికి దూరపు ఊళ్లకు మాట్లాడే అనుమతి ఉంది? పెట్టెకు ఇవేవీ తమంతట తెలియవు. ఒక్కొక్క లైనుకూ ఒక్కొక్క ఫోనుకూ విడివిడిగా చెప్పాలి. ఆ చిన్న పెట్టెలకు తెర ఉండదు. మొదటి ఫోను చేతబట్టి, రహస్య సంఖ్య నొక్కి, ఆపై అంకెలు వరుసగా నొక్కాలి. అంగీకరిస్తే చిన్న కూత. తప్పయితే దీర్ఘమైన కూత. సంగీతం నేర్చేవాడు శ్రుతి వెదకినట్లు మెకానిక్కు కండ్లు మూసుకొని ఆ కూతల కోసం చెవి ఒగ్గేవాడు.

ఇది ద్వారపాలకుని పని. కౌటిల్యుని అర్థశాస్త్రం రాజ్యంలోని పద్దెనిమిది ముఖ్యాధికారులలో దౌవారికుని కూడా లెక్కించింది. 1565 నాటి తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర ప్రభువులకు రాజధానియైన పెనుకొండలో ఎవరిని ఏ వాకిట నిలపాలో, ఎవరిని ఏ మందిరానికి పంపాలో ఎరిగిన మనుషులు ఎందరు ఉండేవారో! వారు చేసిన పనిని నాలుగంకెల ఆజ్ఞతో గోడమీది పెట్టె చేస్తున్నది. అయితే దౌవారికుడు మనిషి మొగం చూసి తొందర గ్రహించగలడు. పెట్టెకు ఆ నేర్పు లేదు.

టెలిఫోను పుట్టిన కొద్ది కాలానికే ఈ చిక్కు ఎదురైంది. అమెరికాలోని కాన్సాస్ నగరంలో ఆల్మన్ స్ట్రోజర్ అనే అంత్యక్రియల వ్యాపారి ఉండేవాడు. తనకు రావలసిన పిలుపులను ఎక్స్‌ఛేంజిలో కూర్చున్నవారు పోటీదారునికి కలుపుతున్నారని అతనికి అనుమానం కలిగిందట. మనిషి చేయి అక్కరలేని ఎక్స్‌ఛేంజికి అతడు 1891లో పేటెంటు పొందాడు. మరుసటి ఏడు ఇండియానాలోని లా పోర్ట్ అనే ఊళ్లో అది పని ప్రారంభించింది. మన దేశంలో గ్రామాల దుమ్మునూ ఎండనూ తట్టుకొనే చిన్న ఎక్స్‌ఛేంజిని సి-డాట్ సంస్థ రూపొందించి 1986లో కర్ణాటకలోని కిత్తూరులో నెలకొల్పింది.

ధర్మవరంలో ఒక చీరల అంగడి యజమాని పనివారి ఫోన్లకు ఎస్.టి.డి. బందు చేయించాడు. సున్నతో మొదలయ్యే నంబరు ఏదీ పోకూడదని పెట్టెకు చెప్పారు. అయినా బిల్లు తగ్గలేదు. ఆ రోజులలో దగ్గరి ఊళ్లకు సున్నకు బదులు 95 చేర్చి మాట్లాడే పద్ధతి వచ్చింది. హిందూపురం కోడు 08556. సున్న తీసి ముందు 95 పెడితే సరి. సున్నకు కాపలా ఉన్నది, తొమ్మిదికి లేదు. "తొమ్మిదినే కట్టెయ్యప్పా" అన్నాడు యజమాని. తొమ్మిదిని కట్టివేస్తే సెల్‌ఫోన్లు కూడా అందవు. బేరగాళ్లందరూ సెల్లుల మీదనే ఉన్నారు. చివరకు 95 జంటను మాత్రమే ఆపారు. పెనుకొండ వకీలు గారి చిక్కు వేరు. గుమాస్తా ఆపి ఉంచిన కక్షిదారు విసిగి ఫోను పెట్టేసినా లైను విడుదల కాదు. తరువాత పిలిచినవారికి 'ఎంగేజి' వినబడుతుంది. అటువైపు పెట్టేసినప్పుడు ఎక్స్‌ఛేంజి నుండి ముప్పాతిక సెకను కూత, ముప్పాతిక సెకను మౌనం వస్తాయి. ఆ లయను గుర్తించమని పెట్టెకు నేర్పితే తీరిపోయింది.

హిందూపురంలోని ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో జరిగిన సంగతి ఇంత తేలికగా తీరలేదు.

అక్కడి పెట్టెను అమర్చినది అతడే. పగలు గంట ముందుగదిలో, రాత్రి మేడమీద నర్సు గదిలో మ్రోగాలని ఏర్పాటు. ఒకనాటి సాయంత్రం కరెంటు పోయి గంటకు వచ్చింది. పెట్టెలో జ్ఞాపకాన్ని నిలిపే చిన్న బ్యాటరీ అప్పటికే క్షీణించింది. చెప్పిన ఆజ్ఞలన్నీ మరచి, కొన్ననాటి స్థితికి పోయింది: ఏ లైను మీద పిలుపు వచ్చినా మొదటి ఫోనే మ్రోగాలి. మొదటి ఫోను ముందుగదిలో ఉన్నది. రాత్రి పదింటికి ఆ గదికి తాళం వేశారు.

ఆ రాత్రి పెనుకొండ ఆవలి పల్లెలో ఒక కోడలికి నొప్పులు ఎక్కువయ్యాయి. మామ బూతు యజమానిని నిద్రలేపి ఫోను చేశాడు. తాళం వేసిన గదిలో గంట మ్రోగుతూనే ఉన్నది. జీపు దొరికి వారు ఆసుపత్రి చేరేసరికి రెండు దాటింది. డాక్టరమ్మను ఇంటి నుండి పిలిపించేసరికి మరొక గంట. రెండు ప్రాణాలూ దక్కాయి గాని, తల్లికి రక్తం ఎక్కించవలసి వచ్చింది.

ఉదయం మెకానిక్కు వచ్చినప్పుడు ఆ ముసలాయన మెట్లమీదనే కూర్చొని ఉన్నాడు. "గంట మోగుతానే ఉండె సామీ, ఎవురూ ఎత్తకపోయిరి. ఆస్పత్రి మూసినారేమో అనుకుంటిమి" అన్నాడు. నిందించడానికి అన్నమాట కాదది. మెకానిక్కు బదులు పలకలేదు. ఏడాది క్రితమే మార్చవలసిన బ్యాటరీ అది. నోటుపుస్తకంలో ఆ తేదీ అతని దస్తూరీతోనే ఉన్నది.

అతడు కొత్త బ్యాటరీ అమర్చాడు. ఆజ్ఞలన్నీ తిరిగి నొక్కాడు. కరెంటు లేనప్పుడు పెట్టెతో నిమిత్తం లేకుండా మొదటి లైను నేరుగా ఒక ఫోనుకు కలుస్తుంది. ఆ ఫోను కూడా ముందుగదిలోదే అని అప్పుడు గమనించి, తీగ మార్చి నర్సు గదికి చేర్చాడు. ఏ లైను ఎక్కడ మ్రోగాలో తెలుగులో వ్రాసి మూత లోపల అంటించాడు. సాయంత్రం బండికి పోలేదు.

రాత్రి పదిన్నరకు ముందుగదికి తాళం పడిన తరువాత, వీధి కవతల అంగడిలోని రూపాయి ఫోను నుండి ఆసుపత్రికి చేశాడు. రెండవ గంటకే నర్సు ఎత్తింది.

"నేనేనమ్మా, పొద్దున వచ్చినవాణ్ణి. కొంచెం కిందికి దిగి కరెంటు మెయిను ఆపుతావా? అయిదు నిమిషాలుండి మళ్లీ వెయ్యి."

"ఇప్పుడెందుకన్నా?"

"మళ్లీ చేస్తాను. ఎక్కడ మోగుతుందో చూడాల."

అతడు జేబులో మరొక రూపాయి కోసం వెదకుతూ, మేడమీద దీపం ఆరేదాకా చూస్తూ నిలబడ్డాడు.