చూపించేది ఎవరు? సాగర్ నీళ్ల మీద రెండు రోజుల గైడ్ పని



డిగ్రీ అయిపోయి గ్రూప్స్ కోసమో, టెట్ కోసమో చదువుకుంట ఇంటి దగ్గర ఉన్న మన పిల్లలు ఈ మధ్య ఒక మాట ఎక్కువ అడుగుతున్నరు. "అన్నా, సాగర్ దిక్కు, నల్లమల దిక్కు టూరిస్టులు బాగ వస్తున్నరు కదా, గైడ్ పని చేస్తే ఎట్లుంటది?" అని. చేయాలె అనే నేనంట. కాని ఏం చూపించాలె, ఏం చూపించొద్దు అన్నది ముందే తేల్చుకొని పోవాలె. ఎందుకంటున్ననో చెప్పనీకి, పోయిన డిసెంబర్‌ల నేను చేసిన రెండు రోజుల పని గురించి రాస్తున్న. కొంచెం పొడుగుంది, ఓపికతో చదవండి.

మాది తిరుమలగిరి. సూర్యాపేట జిల్లా తిరుమలగిరి కాదు. నల్లగొండ జిల్లాల నాగార్జునసాగర్ పక్కన ఉన్న తిరుమలగిరి సాగర్ మండలం. మా బావ హైదరాబాద్‌ల ఒక ట్రావెల్స్‌కు కారు నడుపుతడు. స్వీడన్‌ల ఉండే ఒక తెలుగు కుటుంబం వస్తున్నదని, గుంపుతో కాకుండ వాళ్లకే ఒక కారు, ఒక గైడ్ కావాలన్నరని ఫోన్ చేసిండు. సారు, మేడం, పదో తరగతి వయసు బిడ్డ. అంతకుముందు ఎండాకాలం వాళ్లు నార్వే, ఫిన్లాండ్‌లల్ల ఇట్లనే ప్రైవేట్ టూర్ చేసిండ్రట. ఫియోర్డులు, అడవులు, సరస్సులు అన్నీ ఒక గైడ్ దగ్గరుండి చూపించిండట. "నీకు ఇంగ్లీష్ వస్తది, ఊరు తెలుసు, రెండు రోజులకు మూడు వేలు" అన్నడు బావ. సరే అన్న.

మొదటి రోజు డ్యామ్ చూసి, విజయపురి సౌత్ రేవుల లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోయినం. రెండు దిక్కులా కొండలు, నడుమ నీళ్లు. సారు చూసి చూసి "అచ్చం ఫియోర్డ్ లెక్కనే ఉంది కదా" అన్నడు. గ్రూప్స్‌కు చదివిన జాగ్రఫీ అక్కడ పనికొచ్చింది. ఫియోర్డ్ అంటే మంచు యుగంల హిమానీనదాలు కొండలను తొలుచుకుంట పోయి చేసిన లోయ. మంచు కరిగినంక సముద్రం లోపలికి వచ్చి నిండింది. నార్వేల సోన్యె ఫియోర్డ్ 200 కిలోమీటర్లకు పైగా పొడుగు, లోతు 1,300 మీటర్లు దాటుతది. గైరాంగర్, నేరోయ్ ఫియోర్డులను 2005ల యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాల చేర్చింది. ఆ నీళ్లల్ల పొగ వదిలే ఓడలు తిరగొద్దని 2018ల నార్వే పార్లమెంటు తీర్మానం చేసింది.

మా నీళ్ల కథ వేరే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిండు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. 124 మీటర్ల ఎత్తు, రాతి కట్టడం. అక్కడ లోయను నింపింది సముద్రం. ఇక్కడ నింపిందేమో ఢిల్లీల, హైదరాబాద్‌ల తీసుకున్న నిర్ణయం, మన కూలోళ్ల చేతులు. లోయ మునుగుతదని తెలిసినంక 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ తవ్వకాలు చేసింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి బయటపడింది. ముఖ్యమైన కట్టడాలను, శిల్పాలను కొండ మీదికి తీసుకపోయిండ్రు, 1966ల మ్యూజియం పెట్టిండ్రు. ఆ కొండే ఇప్పుడు నీళ్ల నడుమ దీవి.

ఇదంతా చెప్పిన. పుస్తకంల ఉన్నదే కాబట్టి తడబడలేదు. అప్పుడు బిడ్డ నీళ్లల్లకు చూసుకుంట అడిగింది: "రాళ్లను పైకి తెచ్చారు. మరి మనుషులు ఎక్కడికి వెళ్లారు?"

బోర్డు మీద ఆ సంగతి ఉండదు. లాంచీల మైకుల చెప్పేటాయన కూడా చెప్పడు. ఆమె ఎందుకడిగిందో సారు చెప్పిండు. ఉత్తర నార్వేల ఆల్టా అనే ఊరికి వాళ్లు పోయిండ్రట. అక్కడ గైడ్ సామీ మనిషి. సామీలు అంటే నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా ఉత్తరాన రెయిన్‌డీర్ మందలు మేపుకుంట, చేపలు పట్టుకుంట బతికిన మూలవాసులు. ఆ గైడ్ ఫియోర్డ్ ఒడ్డున నిలబడి నీళ్ల అందం గురించి రెండు మాటలు చెప్పి, మిగిలిన టైమంతా ఒక డ్యామ్ గురించి చెప్పిండట.

ఇంటికొచ్చి నేను ఆ కథ చదువుకున్న. మన పోరగాళ్లందరికీ తెలవాలె. ఆల్టా ఫియోర్డ్‌ల కలిసే నది మీద కరెంటు కోసం డ్యామ్ కడతమని నార్వే ప్రభుత్వం అన్నది. మొదటి ప్లాన్ ప్రకారం మాజె అనే సామీ ఊరు మొత్తం మునగాలె. జనం తిరగబడితే 1973ల ఆ ఊరిని వదిలిపెట్టిండ్రు. అయినా డ్యామ్ ఆగలేదు. 1979ల సామీ యువకులు ఓస్లోల పార్లమెంటు ముందట గుడారం వేసి నిరాహార దీక్ష చేసిండ్రు. 1981 జనవరిల సుమారు 600 మంది పోలీసులు వచ్చి, రోడ్డుకు అడ్డంగ గొలుసులు కట్టుకొని కూసున్నోళ్లను లేపిండ్రు. 1982ల సుప్రీంకోర్టు ప్రభుత్వం దిక్కే తీర్పు చెప్పింది. 1987ల కరెంటు తయారీ మొదలైంది.

అంటే డ్యామ్ విషయంల వాళ్లు ఓడిపోయిండ్రు. కాని ఆ కొట్లాట వల్ల దేశం వాళ్లను వినక తప్పలేదు. 1989ల సామీ పార్లమెంటు మొదలైంది. 1990ల ఆదివాసీ హక్కుల మీద ఉన్న ఐఎల్‌ఓ 169 ఒప్పందాన్ని ప్రపంచంల అందరికంటే ముందు నార్వేనే ఆమోదించింది. మన దేశం ఇప్పటికీ దాన్ని ఆమోదించలేదు. 2005ల చేసిన చట్టంతోని ఫిన్‌మార్క్ ప్రాంతంల 95 శాతం దాకా భూమి ప్రభుత్వం చేతిల నుంచి అక్కడి ప్రజల సంస్థకు పోయింది. అట్లని అక్కడ అంతా బాగుందని అనుకోకండి. ఫోసెన్‌ల గాలిమరల లైసెన్సులు సామీల హక్కులకు విరుద్ధమని 2021ల సుప్రీంకోర్టు చెప్పింది. 500 రోజులు గడిచినా మరలు ఆగలేదని 2023ల సామీ యువత ఓస్లోల ఇంధన శాఖ ఆఫీసుల బైఠాయించింది.

ఆ బిడ్డ ప్రశ్నకు లాంచీల నేను ఒక్కటే చెప్పిన: "రేపు మా దాదీని అడుగుదాం."

రెండో రోజు పొద్దున నేరేడుగొమ్ము మండలంల వైజాగ్ కాలనీకి పోయినం. డ్యామ్ అయినంక చేపల కోసం విశాఖ దిక్కు నుంచి వచ్చి ఒడ్డున నిలదొక్కుకున్న జాలరులది ఆ ఊరు. ఇప్పుడు ఆదివారం వస్తే హైదరాబాద్ కార్లు, చేపల ఫ్రై, గుడారాలు. అవతలి ఒడ్డున నల్లమల నీలంగ కనిపిస్తది. మధ్యాహ్నం మా తండాల భోజనం. అక్కడే లొల్లి మొదలైంది.

టూర్ పెట్టినోళ్లు ముందు రోజు రాత్రి నాకు ఫోన్ చేసి, ఐదుగురు ఆడోళ్లను పేటియా, కాంచళి కట్టించి తయారుగ ఉంచు, పది నిమిషాలు ఆట ఆడాలె, గెస్టులతోని ఫోటో దిగాలె, ఐదు వేలు ఇస్తం అన్నరు. నేను దాదీకి చెప్పిన. దాదీ జొన్నరొట్టె చేసుకుంటనే అడిగింది: "తీజ్ ఉందా? పెండ్లి ఉందా? మరెందుకు ఆడాలె?" నా దగ్గర జవాబు లేదు. ఐదు వేలు తండాల తక్కువ పైసలు కాదు. మా పిన్ని "ఆడితే ఏం పోతది, పది నిమిషాలే కద" అన్నది. ఆమె మాటను నేను తప్పు అనను. పత్తి ఏరితే రోజుకు ఎంత వస్తదో ఆమెకు తెలుసు. కాని దాదీ వినలేదు. "అన్నం పెడత. అడిగితే మాట చెప్త. ఆట మాత్రం పండగకే." నేను ఫోన్ చేసి ఆట లేదని చెప్పిన. ఇంకో తండా చూసుకుంటమని, నన్ను మళ్లీ పిలవమని వాళ్లన్నరు.

ఈ లొల్లి మనకే ఉందనుకున్న. కాదు. ఫిన్లాండ్‌ల లక్షా 88 వేల సరస్సులు, దేశంల నాలుగింట మూడు వంతులు అడవి. అవి చూడనీకి వచ్చేటోళ్ల ముందు సామీలు కానోళ్లు సామీ బట్టల లాంటివి తొడుక్కొని నిలబడే వ్యాపారం ఏండ్ల తరబడి నడిచింది. విసిగిపోయి అక్కడి సామీ పార్లమెంటు 2018ల టూరిజానికి నియమాలు రాసింది. మా బట్టలు వేషం కాదు, మా ఇండ్లు, మా పూజలు అడగకుండ చూసేవి కావు అన్నది వాటి సారాంశం. దాదీ జొన్నరొట్టెల పొయ్యి కాడ చెప్పిందీ అదే.

అన్నం తిన్నంక దాదీ మాట్లాడింది. గోర్ బోలిల చెప్తుంటే నేను తెలుగుల, ఇంగ్లీష్‌ల చెప్పిన. పన్నెండు, పదమూడేండ్ల వయసుల వాళ్ల యాడితోని డ్యామ్ పనికి పోయిందట. ఆడోళ్లంతా నెత్తి మీద రాయి, సున్నం, ఇసుక మోసిండ్రట. రాత్రిళ్లు లైట్లు వేసి పని చేయిస్తుంటే కొండంత తిరునాళ్ల లెక్క కనిపించేదట. పశువులను నీళ్లకు తోలుకపోయే బాట, ఎండాకాలం మంద దిగే చోటు, రెండు మొక్కుల బండలు, అన్నీ ఇప్పుడు నీళ్ల కింద ఉన్నయట. ఒక్కొక్క దానికి పేరు చెప్పింది. నేను పుట్టి పెరిగిన ఊరే, ఆ పేర్లు నేను అంతకుముందు వినలేదు.

సారు చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆయనది మిర్యాలగూడ దిక్కు పల్లె. ఎడమ కాలువ కింద మూడెకరాల వరి మీదనే వాళ్ల నాయిన ముగ్గురు పిల్లలను చదివించిండట. "అవ్వా, మీరు మోసిన రాళ్ల మీదనే మేం చదువుకున్నం" అన్నడు. దాదీ నవ్వి, "మంచిదే కద. మరి మా చేన్ల నీళ్లేవి?" అన్నది. అది కోపంతోని అన్న మాట కాదు, లెక్క అడిగినట్టు అడిగింది. డ్యామ్ కట్టి యాభై ఏండ్లు దాటినంక, 2021 ఫిబ్రవరిల మా మండలం నెల్లికల్లుల లిఫ్ట్ పథకానికి శంకుస్థాపన జరిగింది. అప్పటిదాకా నీళ్ల ఒడ్డున ఉన్నోళ్లం వానకు మొక్కుకుంటనే బతికినం.

ఆల్టా కథ దాదీకి చెప్పిన. మొత్తం విని, "కట్టనే కట్టిండ్రు గద" అన్నది. కొంచెం ఆగి, "అయినా ఆ పిల్లగాడు ఇంకా చెప్తున్నడు చూడు" అన్నది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నేను చెప్పదలుచుకున్నది ఇదే. టూరిజం ఆగదు. సాగర్‌ల 2022ల బుద్ధవనం తెరిచిండ్రు. మన్ననూరు దిక్కు ఫరహాబాద్‌ల సఫారీ నడుస్తున్నది, 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ కాపలాల చెంచు తమ్ముళ్లు పని చేస్తున్నరు. కార్లు వస్తనే ఉంటయి. ఆ కారు ముందు సీట్ల కూసొని చెప్పేటోడు మనోడు కాకపోతే, మనం అద్దంల నుంచి కనిపించే బొమ్మలమే అయితం. లంబాపూర్, పెద్దగట్టుల యురేనియం తవ్వుతమని 2003ల ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు, నల్లమల తవ్వకాలు వద్దని 2019ల అసెంబ్లీ తీర్మానం చేసేదాకా జనం కొట్లాడినప్పుడు, ఈ నేల గురించి చెప్పగలిగిన మనుషులే పనికొచ్చిండ్రు. గైడ్ పని నేర్చుకున్నోడికి ఆ మాట వస్తది. లదేణి కాలంల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా బాటలు తెలిసిన జాతి మనది. బాట చూపించుడు మనకు కొత్త కాదు.

కేంద్ర పర్యాటక శాఖది ఇన్‌క్రెడిబుల్ ఇండియా టూరిస్ట్ ఫెసిలిటేటర్ అని ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు ఉంది. గచ్చిబౌలిల నిథమ్‌ల టూరిజం డిగ్రీలు ఉన్నయి. ఇంగ్లీష్, చరిత్ర, పక్షుల పేర్లు అన్నీ నేర్చుకోండి. నేను కూడా ఆ ఆన్‌లైన్ కోర్సుకు పేరు ఇచ్చిన. పైసలు ముందే మాట్లాడుకోండి. తండాకు తీసుకపోవాలంటే తండా పెద్దలను, ముఖ్యంగ ఆడోళ్లను అడిగి ఒప్పుకుంటేనే తీసుకపోండి, భోజనం పైసలు వండినోళ్ల చేతికే ఇప్పించండి. పండగను పండగ రోజే చూపించండి.

ఇంకొక్క పని, దీనికి కోర్సు అక్కర్లేదు. ఎండాకాలం సాగర్ నీళ్లు కిందికి పోతయి, ఒడ్డు బయటపడతది. ఆ టైంల మీ దాదీనో, తాతనో, చెంచు పెంటల పెద్దలనో వెంట పెట్టుకొని ఒడ్డుకు పోండి. ఏ బండ పేరు ఏంది, ఏ బాట ఎటు పోయేది, అడిగి రాసుకోండి, ఫోన్‌ల రికార్డ్ చేసుకోండి. నా దగ్గర ఇప్పటికి పదకొండు పేర్లు ఉన్నయి. దాదీకి డెబ్బై ఐదేండ్లు దాటినయి, ఇంకా ఉన్నయంటున్నది.