మా వీధికి దీపం ఎవరు పెట్టాలి?

2023 డిసెంబరు 9 నుంచి ఆడపిల్లలం ఆర్టీసీ బస్సుల్లో ఛార్జీ లేకుండా ప్రయాణిస్తున్నాం. ఎంతో మేలు జరిగింది. కానీ బస్సు దిగాక హాస్టల్ దాకా నడిచే తోవలో దీపాల్లేవు. మన బాయిల బొగ్గుతో ఎక్కడెక్కడో కరెంటు పుడుతుంది, మన వీధిలో మాత్రం చీకటే!

అందరం సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. ఒక ఆఫీసులో "ఈ తోవ మాది కాదు, పక్కాఫీసును అడగండి" అన్నారు. అక్కడా అదే మాట. పోనీ, వార్డు కౌన్సిలర్‌ను అడుగుదామా? 2020 జనవరిలో రాష్ట్రంలో చాలాచోట్ల మున్సిపల్ ఎన్నికలు జరిగినా మందమర్రిలో జరగలేదు.

ఎందుకని? మనది షెడ్యూల్డ్ ప్రాంతం. మున్సిపాలిటీల కోసం 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ఇలాంటి ప్రాంతాలకు దానంతటది వర్తించదు. పార్లమెంటు విడిగా చట్టం చేయాలి. పల్లెలకు 1996లో పెసా చట్టం వచ్చింది. పట్టణాల కోసం 2001లో రాజ్యసభలో పెట్టిన బిల్లు మాత్రం చట్టం కాలేదు.

ఆదివాసుల భూములను కాపాడే 1/70 చట్టం ఉండాల్సిందే. ఆ రక్షణకు భంగం రాకుండానే మాకు ఓటూ కావాలి. రోడ్డు, దీపం, బస్టాపు ఎక్కడ ఉండాలో రోజూ నడిచేవాళ్లకే బాగా తెలుసు కదా!

అందుకే ఈసారి అర్జీ పెద్దపల్లి ఎంపీ గారికి రాస్తున్నాం. ఇక్కడ చదివి ఉద్యోగాల్లో స్థిరపడిన అక్కలారా, మీరూ తలా ఒక సంతకం చేయండి. మన తర్వాత వచ్చే చెల్లెళ్లయినా వెలుగులో నడవాలి.